గుండె వైఫల్యంలో దిగులు: సహజమేనని వదిలేయకండి

అమ్మా, మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. మీ నాన్నగారికి 63 ఏళ్లు. ఏడు నెలల క్రితం గుండెపోటు వచ్చి స్టెంటు వేశారు. ఆ తర్వాత ఎకో పరీక్షలో గుండె పంపింగ్ 30 శాతమే ఉందనీ, ఇది హార్ట్ ఫెయిల్యూర్ అనీ చెప్పారు. మూడు నెలలుగా ఆయన పేపరు ముట్టుకోవడం లేదు, వీధి అరుగు మీదికి రావడం లేదు. మనవడు ఫోను చేస్తే ‘పడుకున్నానని చెప్పు’ అంటున్నారు. రాత్రి ఒంటిగంటకో రెండింటికో లేచి కూర్చుంటున్నారు. మాత్రలు సగం డబ్బాలోనే మిగిలిపోతున్నాయి. బంధువులేమో ‘అంత జబ్బు చేస్తే ఎవరికైనా దిగులుండదా’ అంటున్నారు. ఇది సహజమైన దిగులేనా, డాక్టరుకు చెప్పాల్సిన విషయమా, మనసుకు మందులు వాడితే గుండెకు చేటా అని మీరు అడిగారు.

చెప్పాల్సిన విషయమే. తర్వాతి చెకప్ దాకా ఆగకండి, ఈ వారమే చెప్పండి.

గుండె వైఫల్యం ఉన్నవాళ్లకు ఇరవై రెండేళ్లుగా వైద్యం చేస్తున్నాను. అందులో మొదటి పదేళ్లు నేను కాళ్ల వాపు గురించి అడిగాను, ఆయాసం గురించి అడిగాను, ఎన్ని దిండ్లు పెట్టుకుని పడుకుంటున్నారని అడిగాను. మనసెలా ఉందని మాత్రం అడగలేదు. ఆ రోజుల్లో ఒక బస్సు డ్రైవరు నాలుగు నెలల్లో మూడుసార్లు ఒళ్లంతా నీరు పట్టి మా వార్డుకు వచ్చాడు. మూడుసార్లూ ఇంజెక్షన్లతో నీరు తీసి పంపించాను. ‘మందులు సరిగా వాడటం లేదు’ అని కేస్ షీట్‌లో నా చేత్తోనే రాశాను. మూడోసారి మా సిస్టర్ ఒకామె మాత్రలు ఇస్తూ, ఇంటి దగ్గర ఇవి ఎవరిస్తారని అడిగింది. ‘ఎందుకమ్మా, ఇంకెన్నాళ్లుంటాను? పెళ్లి కావలసిన పిల్ల ఉంది. నా మీద పెట్టే డబ్బు దండగ’ అన్నాడాయన. నెలకు సరిపడా మందులు రాసిస్తే పదిహేను రోజులవే కొంటున్నాడు. నేను నిర్లక్ష్యం అనుకున్నది ఆయన జబ్బు లక్షణం. కాళ్ల వాపులాగే అదీ ఒక లక్షణం. దాన్ని నేను చూడలేదు. అప్పటినుంచి ఆ ప్రశ్న అడగకుండా ఏ రోగినీ పంపలేదు.

ఇది అరుదైన సంగతి కాదు. అప్పటివరకూ జరిగిన అధ్యయనాలన్నిటినీ కలిపి 2006లో చేసిన ఒక విశ్లేషణలో, గుండె వైఫల్యం ఉన్న ప్రతి ఐదుగురిలో ఒకరికి వైద్యం అవసరమైనంత కుంగుబాటు (డిప్రెషన్) ఉన్నట్టు తేలింది. ఆయాసం పెరిగేకొద్దీ ఇదీ పెరుగుతుంది. మెట్లెక్కినా ఇబ్బంది లేనివాళ్లలో నూటికి పదకొండు మందికి ఉంటే, కూర్చున్నా ఆయాసపడేవాళ్లలో నూటికి నలభై మందికి పైగా ఉంది. కుంగుబాటు ఉన్నవాళ్లు మళ్లీ ఆస్పత్రిలో చేరడం, చనిపోవడం దాదాపు రెట్టింపు. మన దేశంలో ఈ జబ్బు పాశ్చాత్య దేశాలకంటే చిన్న వయసులోనే వస్తోంది. 2013లో తిరువనంతపురం జిల్లా ఆస్పత్రుల్లో చేరిన 1,205 మందిని నమోదు చేసినప్పుడు వాళ్ల సగటు వయసు 61. పిల్లల పెళ్లిళ్లు, ఇంటి అప్పు ఇంకా తీరని వయసు అది. డ్రైవరు మాటలో వినిపించింది అదే.

మనసులోని బెంగ గుండె దాకా ఎలా చేరుతుందంటారా? గుండె నీరసించినప్పుడు శరీరం దాన్ని తోయడానికి అడ్రినలిన్ వంటి రసాయనాలను ఎక్కువగా విడుదల చేస్తుంది. కొద్ది రోజులైతే అది సాయం. నెలల తరబడి సాగితే అలసిపోయిన ఎద్దును ములుగర్రతో పొడుస్తూనే ఉన్నట్టు. మీ నాన్నగారికి ఇస్తున్న మెటోప్రొలాల్, కార్వెడిలాల్ వంటి బీటా బ్లాకర్ మాత్ర పని ఆ పోటును ఆపడమే. తీరని ఆందోళన అవే రసాయనాలను మళ్లీ పెంచుతుంది. దీనికి తోడు గుండె వైఫల్యంలోనూ కుంగుబాటులోనూ రక్తంలో వాపును (ఇన్‌ఫ్లమేషన్) కలిగించే పదార్థాలు పెరుగుతాయి. జ్వరం వచ్చినప్పుడు ఎవరితోనూ మాట్లాడబుద్ధి కాక, అన్నం సయించక ముసుగు తన్ని పడుకుంటాం చూడండి, అవే పదార్థాలు ఆ స్థితిని తెస్తాయి. కాబట్టి ‘మనసు గట్టి చేసుకో’ అనే మాట ఆయనకు చేయగలిగేది చాలా తక్కువ.

కానీ నా అనుభవంలో ఎక్కువ నష్టం జరిగే దారి ఇది కాదు, చాలా మామూలు దారి. గుండె వైఫల్యం రోగి రోజూ నాలుగు పనులు చేయాలి: వేళకు మాత్రలు, ఉదయం బరువు, ఉప్పు తగ్గించడం, కాస్త నడక. నాలుగూ చిన్నవే. రేపు బాగుంటానన్న నమ్మకం ఉన్నవాడే ఈ చిన్న పనులు చేస్తాడు. ఆ నమ్మకం పోయినవాడికి బరువు చూసే మిషను ఎక్కడమే కొండ ఎక్కినట్టుంటుంది. మీ ఇంట్లో డబ్బాలో మిగిలిపోతున్న మాత్రలు చెబుతున్నది అదే. కోప్పడకండి, లెక్కపెట్టి డాక్టరుకు చూపించండి.

ఇక్కడ జబ్బు పేరు చేసే హాని గురించి కూడా చెప్పాలి. ఒక రిటైర్డ్ లెక్కల మాస్టారు నా దగ్గరికి వచ్చేవారు. ఎకో రిపోర్టు చేతిలో పెట్టుకుని చాలాసేపు మౌనంగా కూర్చున్నారు. ఏమిటి మాస్టారూ అంటే, ‘పాసు మార్కులు 35. నాకు 30 వచ్చింది. ఫెయిల్ అని మీరే రాశారు’ అన్నారు. వందలో ముప్పై మాత్రమే గుండె మిగిలింది, డెబ్భై పోయింది అనుకుంటూ ఆయన ఎన్ని రాత్రులు నిద్రపోలేదో! ఆ అంకె అర్థం అది కాదు. గుండెలో నిండిన రక్తంలో ఒక్కో దెబ్బకు ఎంత భాగం బయటికి వెళుతుందో అది చెబుతుంది. ఆరోగ్యంగా ఉన్న గుండె కూడా నూటికి నూరు పంపదు, సుమారు 55 నుంచి 70 శాతమే పంపుతుంది. 30 అంటే తగ్గిన మాట నిజం. కానీ కొలవాల్సింది వందతో కాదు, అరవైతో. అది మారని అంకె కూడా కాదు. ఇప్పుడున్న నాలుగు రకాల మందులు సరైన మోతాదుల్లో వాడితే చాలామందిలో కొన్ని నెలల్లో పెరుగుతుంది. ‘ఫెయిల్యూర్’ అంటే గుండె ఆగిపోవడం కాదు, అవసరమైనంత పని చేయలేకపోవడం. మీ నాన్నగారికి ఈ మాటలు ఎవరైనా కూర్చోబెట్టి చెప్పారా? చాలా ఇళ్లలో జబ్బు సంగతి కొడుక్కీ కూతురికీ చెబుతాం, జబ్బు ఉన్నవాడికి ‘ఏం లేదు, తగ్గిపోతుంది’ అంటాం. ఆయన సగం వింటాడు, మిగతా సగం చీకట్లో ఊహించుకుంటాడు. ఆ ఊహ ఎప్పుడూ నిజం కంటే భయంకరంగానే ఉంటుంది. ఈసారి డాక్టరు గదిలోకి ఆయన్నీ తీసుకెళ్లండి, ఆయన ముందే మాట్లాడమనండి.

ఇక దిగులుకూ కుంగుబాటుకూ తేడా. నీరసం, నిద్రలేమి, ఆకలి తగ్గడం గుండె వైఫల్యంలోనూ కుంగుబాటులోనూ ఉంటాయి కాబట్టి వాటిని బట్టి తేల్చలేం. నేను మొదట అడిగేవి రెండే ప్రశ్నలు: గడిచిన రెండు వారాల్లో, మీకు ఇష్టమైన పనుల మీద ఆసక్తి పోయిందా? దిగులుగా, ఆశ లేనట్టుగా ఉంటోందా? ఎక్కువ రోజులు అలాగే ఉందంటే తొమ్మిది ప్రశ్నల పట్టిక నింపిస్తాం. 27కి 10 లేదా అంతకు మించి వస్తే లోతుగా చూడాలి. గుండె బలహీనమైన మనిషి నడవలేకపోవచ్చు, కానీ మనవడి గొంతు వింటే ముఖం వెలుగుతుంది. మీ నాన్నగారు మనవడి ఫోనే వద్దంటున్నారు. ఆయాసం పేపరు చదవనివ్వకుండా చేయదు. మీ ఉత్తరంలో నన్ను నిలిపిన వాక్యాలు ఆ రెండే. ఆడవాళ్లయితే ఇది ఇంకా మరుగున ఉంటుంది. వాళ్లు దిగులు అనరు, ‘నీరసం, గ్యాసు, ఒళ్లు నొప్పులు’ అంటారు. మేము ఆ మాటలకే మందు రాసి పంపేస్తాం.

రాత్రి లేవడం గురించి మాత్రం జాగ్రత్త. దాన్ని వెంటనే ఆందోళన ఖాతాలో వేయకండి. పడుకున్న గంట రెండు గంటల తర్వాత ఊపిరి ఆడక లేచి, కాళ్లు కిందికి వేలాడేసి కూర్చుంటే లేదా కిటికీ దగ్గరికి వెళ్తే కాసేపటికి తేలికపడుతుందంటే, అది ఊపిరితిత్తుల్లో నీరు చేరడం కావచ్చు. దిండ్లు పెరిగాయా? కాళ్లకు వాపు ఉందా? మూడు రోజుల్లో రెండు కిలోలకు మించి బరువు పెరిగిందా? వీటిలో ఏది ఉన్నా అదే రోజు డాక్టరుకు ఫోను చేయాలి. కూర్చున్నా తగ్గని ఆయాసం, ఛాతీ నొప్పి, కళ్లు తిరిగి పడిపోవడం, గులాబీ రంగు నురగతో దగ్గు ఉంటే 108కి ఫోను చేయండి, తెల్లవారే దాకా చూడకండి. భయం వల్ల వచ్చే ఉక్కిరిబిక్కిరి వేరే తీరులో ఉంటుంది. ఉన్నట్టుండి గుండె దడదడలాడుతుంది, చేతివేళ్లకు తిమ్మిరి, చచ్చిపోతున్నానన్న భయం ముంచుకొస్తాయి, పది నిమిషాల్లో తారస్థాయికి చేరి మెల్లగా దిగుతుంది, పడుకున్నా నిలుచున్నా తేడా ఉండదు. కానీ ఈ రెండింటినీ ఇంట్లో కూర్చుని వేరుచేయడం మాకే కష్టం, మీ వల్ల ఏమవుతుంది? ముందు గుండెనే అనుమానించండి. గుండె బాగుందని తేలాక భయం గురించి మాట్లాడదాం. ఇంకొక మామూలు కారణం కూడా ఉంది: ఒంట్లో నీరు తీసే మాత్ర సాయంత్రం వేసుకుంటే రాత్రంతా మూత్రానికి లేవాల్సి వస్తుంది. వేళ మార్చవచ్చా అని అడగండి. గట్టిగా గురక పెడుతూ మధ్యలో ఊపిరి ఆగినట్టుంటే అదీ చెప్పండి. నిద్రలో శ్వాస ఆగే జబ్బు గుండె వైఫల్యంలో చాలా మందికి ఉంటుంది, పగలంతా మనిషిని మసకబారుస్తుంది.

కుంగుబాటు అని తేల్చే ముందు కొన్ని రక్తపరీక్షలు కావాలి. థైరాయిడ్ తగ్గితే అచ్చం ఇలాగే ఉంటుంది, ముఖ్యంగా గుండె లయ కోసం అమియోడరోన్ మాత్ర వాడేవాళ్లలో. రక్తహీనత, ఇనుము లోపం చూడాలి. గుండె వైఫల్యం ఉన్నవాళ్లలో సుమారు సగం మందికి ఇనుము తక్కువ ఉంటుంది. సోడియం, బీ12 కూడా.

‘బీటా బ్లాకర్ వల్లే ఈ దిగులు’ అని ఎవరైనా చెబితే దయచేసి ఆ మాత్ర ఆపకండి. అది పాతకాలం నమ్మకం. చాలా అధ్యయనాలను కలిపి చూసినప్పుడు ఆ మందులు కుంగుబాటును పెంచినట్టు తేలలేదు. కొందరికి నిద్ర చెదరడం, పీడకలలు ఉంటాయి, అంతే. హఠాత్తుగా ఆపడం మాత్రం నిజంగా ప్రమాదం.

మనసుకు వాడే మందుల గురించి మీరు అడిగినదానికి సూటిగా జవాబిస్తాను, ఆశ పెంచకుండా. గుండె వైఫల్యం ఉన్నవాళ్లలో కుంగుబాటుకు ఇచ్చే సెర్ట్రలిన్‌ను 469 మంది మీద పరీక్షించి 2010లో ఫలితాలు ప్రకటించారు. గుండెకు హాని చేయలేదు, కానీ 12 వారాల్లో మందు లేని ఉత్తుత్తి మాత్ర కంటే ఎక్కువ ఉపశమనమూ ఇవ్వలేదు. గమనించవలసింది ఏమిటంటే, రెండు గుంపుల్లోనూ దిగులు తగ్గింది, రెండు గుంపులకూ నర్సుల పలకరింపు, మద్దతు అందాయి. అదే కోవకు చెందిన ఎస్సిటలోప్రామ్‌ను జర్మనీలో 372 మందికి రెండేళ్ల దాకా ఇచ్చి చూశారు. 2016లో వచ్చిన ఆ ఫలితాల్లోనూ మరణాలు గానీ ఆస్పత్రిలో చేరడం గానీ తగ్గలేదు. అంటే మాత్రలు పనికిరావని కాదు. కుంగుబాటు తీవ్రంగా ఉన్నప్పుడు, ఇంతకుముందు ఒకసారి వచ్చి మందులతో తగ్గినప్పుడు, మనిషి మంచం దిగలేని స్థితిలో ఉన్నప్పుడు సైకియాట్రిస్టు వాటిని రాస్తారు, నేనూ వేసుకోమనే చెబుతాను. కానీ ఒక మాత్ర రాసి ఇంటికి పంపేస్తే పని అయిపోయిందనుకోవడం తప్పు.

ఏ మందు అన్నది ముఖ్యం. ఎమిట్రిప్టిలిన్, ఇమిప్రమిన్ వంటి పాత రకాలు గుండె లయను దెబ్బతీయగలవు, వీళ్లకు వద్దు. నరాల నొప్పికనో నిద్రకనో ఎమిట్రిప్టిలిన్ రాసిన పాత చీటీ ఏదైనా ఇంట్లో ఉందేమో చూడండి. సిటలోప్రామ్, ఎస్సిటలోప్రామ్ వాడాల్సి వస్తే మోతాదు మీద అదుపు ఉండాలి, ఈసీజీ చూడాలి. స్టెంటు ఉంది కాబట్టి మీ నాన్నగారు రక్తం గడ్డకట్టకుండా చూసే ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ వంటివి వాడుతుంటారు. సెర్ట్రలిన్ కుటుంబం మందులు వాటితో కలిస్తే రక్తస్రావం అవకాశం పెరుగుతుంది, మలం నల్లగా వస్తే చెప్పాలి. నీరు తీసే మాత్రలతో కలిస్తే పెద్దవాళ్లలో సోడియం పడిపోయి మగత, తికమక రావచ్చు. మొదలుపెట్టిన రెండు మూడు వారాల్లో ఒకసారి రక్తపరీక్ష చేయించడం నా అలవాటు. మందుల షాపులో చీటీ లేకుండా కొనే ఆల్ప్రాజోలం వంటి నిద్ర మాత్రలు మాత్రం ఇంట్లోకి రానివ్వకండి. నాలుగు రోజులు హాయిగా ఉంటుంది, ఆ తర్వాత అలవాటవుతుంది, రాత్రి బాత్రూముకు లేచినప్పుడు పడి తుంటి ఎముక విరుగుతుంది.

మాట్లాడే చికిత్సకు ఆధారాలు మెరుగ్గా ఉన్నాయి. అమెరికాలో 158 మంది గుండె వైఫల్యం రోగుల మీద చేసిన పరీక్షలో, ఆలోచనలనూ అలవాట్లనూ సరిదిద్దే కౌన్సెలింగ్ ఆరు నెలల్లో కుంగుబాటును మామూలు వైద్యం కంటే బాగా తగ్గించింది. అయితే వాళ్లు మందులు వేసుకోవడం, బరువు చూసుకోవడం మాత్రం దానంతటదే మెరుగుపడలేదు. కాబట్టి మనసు కుదుటపడ్డాక అన్నీ అవే సర్దుకుంటాయని మాత్రల పర్యవేక్షణ వదిలేయకండి. నడకకూ ఆధారం ఉంది. రెండు వేల మూడు వందల మందికి పైగా పాల్గొన్న ఒక పెద్ద పరీక్షలో, క్రమం తప్పని వ్యాయామం దిగులును కొద్దిగా, కానీ కచ్చితంగా తగ్గించింది. మన ఊళ్లలో పర్యవేక్షణలో వ్యాయామం చేయించే కేంద్రాలు తక్కువ. డాక్టరు సరేనన్నాక ఇంటి వసారాలోనే ఐదు నిమిషాలతో మొదలుపెట్టండి. పక్కన మీ అమ్మగారు నడుస్తూ కబుర్లు చెప్పాలి, ఆయన ఆగకుండా జవాబు చెప్పగలిగినంత వేగం చాలు.

ఇప్పుడు ఇంటి సంగతి. మనం ప్రేమతోనే మనిషిని మూలన కూర్చోబెడతాం. ‘నువ్వు లేవకు నాన్నా, నేను తెస్తాను.’ కరెంటు బిల్లు కొడుకు కడతాడు, కూరగాయలు కోడలు తెస్తుంది, చివరికి చెట్టుకు నీళ్లు కూడా ఇంకెవరో పోస్తారు. ఆరు నెలలకు ఆయన చేయాల్సిన పని ఒక్కటీ మిగలదు. ఆయనకు పని తిరిగి ఇవ్వండి. రోజూ ఉదయం బరువు తనే చూసుకుని తనే నోటుబుక్కులో రాయాలి. కూర్చుని చేసే పని ఏదైనా, చిక్కుడుకాయలు ఒలవడమైనా సరే, ఆయనకు అప్పగించండి. ఆసక్తి వచ్చాక చేస్తాడులే అని ఎదురుచూడకండి. ఈ జబ్బులో పని ముందు వస్తుంది, ఆసక్తి దాని వెనక వస్తుంది.

ఉప్పు తగ్గించే పేరుతో ఆయనకు వేరే గిన్నె, వేరే వేళ పెట్టకండి. ఆవకాయ, అప్పడం, ఊరమిరపకాయ పోయాయన్న బాధ చిన్నది కాదు. దానికి తోడు ఒంటరిగా తినమంటే ఏ మనిషికి అన్నం దిగుతుంది? ఇంటిల్లిపాదికీ ఉప్పు తగ్గించి, నిమ్మకాయ, మిరియాలు, వెల్లుల్లి, కొత్తిమీరతో వండుకోండి. బజారులో ‘తక్కువ సోడియం’ అని అమ్మే ఉప్పులో పొటాషియం ఉంటుంది, ఆయన వాడే మందులతో అది ప్రమాదం కావచ్చు, అడగకుండా వాడవద్దు. పరామర్శకు వచ్చి ‘మా బావగారికీ ఇలాగే అయింది, ఏడాది తిరగలేదు’ అనేవాళ్లను గుమ్మం దగ్గరే ఆపండి. మొహమాటపడకండి.

కష్టమైన ప్రశ్న ఒకటి మిగిలింది. ‘నాన్నా, బతకడం అనవసరం అనిపిస్తోందా’ అని మీరు ఆయన్ని అడగాలి. అడిగితే లేని ఆలోచన పుడుతుందని భయపడతారు. అలా జరగదు. ఇన్నేళ్లలో ఈ ప్రశ్నకు కోప్పడినవాళ్లు నాకు దాదాపు లేరు, కళ్లనీళ్లు పెట్టుకున్నవాళ్లు చాలామంది ఉన్నారు. అవునంటే ఒంటరిగా వదలకండి, పురుగుమందులూ మాత్రల నిల్వా ఆయనకు అందకుండా తీసేయండి, అదే రోజు సైకియాట్రిస్టు దగ్గరికి తీసుకెళ్లండి. మాత్రలు మానేయడం కూడా కొందరిలో ఇదే కోరికకు మౌన రూపం. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న మొదలుపెట్టిన మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబరు 14416. ఇరవై నాలుగు గంటలూ ఉచితంగా, తెలుగులోనే మాట్లాడవచ్చు. ఆయన మాట్లాడనంటే మీరైనా చేయండి.

మీ అమ్మగారు రాత్రిళ్లు ఆయన ముక్కు దగ్గర వేలు పెట్టి ఊపిరి చూస్తున్నారని చివర్లో ఒక్క వాక్యంలో రాశారు. నిద్రలేని ఆమెకూ ఇదే కుంగుబాటు రావచ్చు. వారంలో రెండు రాత్రులైనా మీరో, మీ అన్నయ్యో ఆ గదిలో పడుకుని ఆమెను వేరే గదిలో నిద్రపోనివ్వండి. ఆ రెండు ప్రశ్నలూ ఆమెనూ అడగండి.

డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు మిగిలిపోయిన మాత్రల డబ్బా, రెండు వారాల బరువులు, రాత్రి ఎన్ని గంటలకు లేస్తున్నారో, లేచి ఏం చేస్తున్నారో రాసిన కాగితం పట్టుకెళ్లండి. పేపరు సంగతి, మనవడి ఫోను సంగతి మొదటి నిమిషంలోనే చెప్పండి, లేచే ముందు గుమ్మం దగ్గర కాదు. థైరాయిడ్, సోడియం ఫలితాలు, కొత్తగా రాసిన మందుల పేర్లు తెలిశాక ఇక్కడే రాయండి. పాత మందులతో పొసగనిది ఏదైనా కనిపిస్తే మీ డాక్టరును ఏమని అడగాలో చెబుతాను.